వేలు తీసే ముందు రక్తం చూశారా?

పాఠకుల ప్రశ్నలు, వైద్యుల జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం షుగర్ ఉన్నవాళ్ల కాళ్ల గురించే. అందులోనూ రక్తప్రసరణ తగ్గి పుండు మానని కాళ్లకు సంబంధించిన ఉత్తరాలను ఏరి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా బాపుకు 62 ఏండ్లు. షుగర్ వచ్చి 14 ఏండ్లయింది. రోజుకు కట్ట బీడీలు తాగుతడు. ఎడమ కాలు చిటికెన వేలు మూడు వారాల కింద నల్లబడ్డది. రోజూ కట్టు కట్టిస్తున్నం. రాత్రిపూట నొప్పికి నిద్రపోడు. కాలు మంచం మీదికెళ్లి కిందికి వేలాడేస్తే కొంచెం నయమంటడు. ఒక ఆస్పత్రిలో మోకాలి కింద తీసెయ్యాలన్నరు. వేలు పోతే పోనీ, కాలు దక్కే దారి ఉందా?
(ఒక పాఠకుడు, పరకాల)

జవాబు: కాలు వేలాడేస్తే నయమనిపిస్తుందన్న ఒక్క మాటతోనే రోగం చాలావరకు బయటపడుతోంది. పడుకుంటే పాదం గుండెతో సమానమైన ఎత్తుకు వస్తుంది. దమనులు (గుండె నుంచి రక్తం తెచ్చే నాళాలు) మూసుకుపోయిన కాలికి అప్పటిదాకా అందే కాస్త రక్తం కూడా అందదు, నొప్పి మొదలవుతుంది. కాలు కిందికి దించితే రక్తం తన బరువుకు తాను జారి చేరుతుంది, నొప్పి తగ్గుతుంది. ఇలాంటి కాలికి ఎంత శుభ్రంగా కట్టు కట్టినా, ఎంత ఖరీదైన మలాం పూసినా పుండు మానదు. మామూలు తోలు బతకడానికి కావలసిన రక్తం కన్నా, పుండు మానడానికి చాలా ఎక్కువ రక్తం కావాలి.

అందుకని మీరు డాక్టరును అడగవలసినవి మూడు. పాదానికి రక్తం ఎంత చేరుతోంది? ఎక్కడ ఆగిపోయింది? ఆగినచోట దారి తెరవడానికి వీలుందా? ఈ మూడింటికీ రిపోర్టుల మీద జవాబు రాకముందే మోకాలి కింద కోతకు సంతకం పెట్టకండి. ఇందుకు ఒక మినహాయింపు ఉంది, కింద చెబుతాం.

ఇంట్లోనే ఒక పరీక్ష చేసి చూడవచ్చు. బాపును వెల్లకిలా పడుకోబెట్టి కాలిని సగం ఎత్తుకు, అంటే సుమారు 45 డిగ్రీలకు లేపి రెండు నిమిషాలు పట్టుకోండి. నొప్పి ఎక్కువైతే వెంటనే దించండి. అరికాలు తెల్లగా పాలిపోయి, తర్వాత కాలు వేలాడేస్తే ముదురు ఎరుపుకో ఊదా రంగుకో తిరిగితే రక్తం బాగా తగ్గినట్టే. ఆ ఎరుపు దగ్గరే చాలామంది పొరపాటు పడతారు, ఇన్ఫెక్షన్ అనుకొని యాంటీబయాటిక్ మింగిస్తారు. ఎత్తితే పోయే ఎరుపు ప్రసరణ లోపం వల్ల వచ్చేది. ఎత్తినా పోకుండా వేడి, వాపుతో ఉండే ఎరుపు ఇన్ఫెక్షన్. రెండూ ఒకే కాలిలో ఉండనూ వచ్చు.

డాక్టరు చూసే నాడులు రెండు. ఒకటి పాదం మీద, బొటనవేలి ఎముకకూ పక్క వేలి ఎముకకూ నడుమ. రెండోది లోపలి చీలమండ వెనుక. ఇవి చేతికి అందకపోతే పెన్ను లాంటి చిన్న డాప్లర్ యంత్రంతో చీలమండ దగ్గర బీపీ కొలుస్తారు. పది నిమిషాలు పడుకోబెట్టాకే కొలవాలి. చీలమండ పైబీపీని చేతి పైబీపీతో భాగిస్తే వచ్చే అంకెను ఏబీఐ అంటారు. చేతి దగ్గర 144, చీలమండ దగ్గర 72 ఉంటే 0.5 అన్నమాట. 0.9 కన్నా తక్కువైతే దమనుల్లో అడ్డు ఉన్నట్టు. పుండు ఉన్న కాలికి చీలమండ బీపీ 50 లోపు, లేదా వేలి బీపీ 30 లోపు ఉంటే ఆగకూడదు, రోజుల్లోనే రక్తనాళాల సర్జన్‌కు చూపించాలి.

ఆ తర్వాత కలర్ డాప్లర్ (రక్తం పారే తీరు చూపే స్కానింగ్), అవసరమైతే యాంజియోగ్రామ్ (రంగు మందు ఎక్కించి తీసే రక్తనాళాల ఎక్స్-రే). షుగర్ వాళ్లకు తరచుగా మోకాలి కింద ఉండే మూడు సన్నని దమనులే మూసుకుపోతాయి, పైన తొడలో పెద్ద దమని బాగానే ఉండవచ్చు. మోకాలి వెనుక నాడి బాగా కొడుతోంది కాబట్టి రక్తం బాగుందని చెప్పి పంపేయడం అందుకే తప్పు.

దారి తెరిచే పద్ధతులు రెండు. బెలూన్ పద్ధతిలో గజ్జ దగ్గర మత్తు సూది వేసి, దమనిలోకి వెంట్రుక లాంటి తీగ పంపి, మూసుకుపోయిన చోటును దాటించి, 2 నుంచి 3 మిల్లీమీటర్ల బెలూన్‌ను రెండు మూడు నిమిషాలు ఉబ్బిస్తారు. మోకాలి కింద స్టెంటు (దమని మూసుకోకుండా లోపల ఉంచే జాలీ గొట్టం) సాధారణంగా పెట్టరు. మనిషి మెలకువగానే ఉంటాడు. తర్వాత కొన్ని గంటలు కాలు ముడవకుండా పడుకోవాలి. గజ్జ దగ్గర వాపు పెరిగినా రక్తం కారినా గట్టిగా నొక్కిపట్టి వెంటనే నర్సును పిలవాలి. రెండోది బైపాస్. కాలిలోనే ఉండే పొడవాటి సిరను తీసి, అడ్డు పైనుంచి కిందికి కొత్త దారి వేస్తారు. ఆ సిర పనికొచ్చేంత లావుగా ఉండాలి, ఆ ఆపరేషన్‌ను గుండె తట్టుకోవాలి, కింద అతికించడానికి తెరిచివున్న దమని ఒకటి దొరకాలి. పొడవైన అడ్డు, పెద్ద పుండు, మంచి సిర ఉన్నవాళ్లకు బైపాస్ ఎక్కువ కాలం నిలుస్తుంది. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు బెలూన్ నయం.

వేలు తీయడం రక్తం తెరిచాకే. రక్తం లేని చోట వేలు కోస్తే ఆ గాయం మానదు, అది పాదం దాకా నల్లబడుతుంది, మళ్లీ పైన కోయాల్సి వస్తుంది. ఒకే మనిషికి వేలు, పాదం, కాలు వరుసగా పోయే కథకు ఎక్కువసార్లు ఇదే కారణం. బెలూన్ అయ్యాక తోలుకు ఆక్సిజన్ పూర్తిగా పెరగడానికి మూడు నాలుగు వారాలు పట్టవచ్చు కాబట్టి, ఇన్ఫెక్షన్ లేకపోతే సర్జన్ కొన్నాళ్లు ఆగమంటే కంగారు పడకండి.

ఇప్పుడు ఆ మినహాయింపు. వేలు ఎండిన ఖర్జూరంలా నల్లగా, పొడిగా, వాసన లేకుండా ఉంటే పైన చెప్పిన పరీక్షలకు వ్యవధి ఉంటుంది. అదే తడిగా మారి, దుర్వాసన వచ్చి, ఎరుపు పాదం మీదికి పాకి, వాపు, చీము, చలిజ్వరం వస్తే, లేదా నొక్కితే తోలు కింద చిటపటమంటే అది అదే రోజు ఆపరేషన్ కావలసిన కాలు. అప్పుడు ముందు చీము బయటికి తీయాలి. రక్తప్రసరణ పని ఆ వెంటనే, ఒకటి రెండు రోజుల్లో. ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి ప్రాణం మీదికి వస్తే కాలు తీయక తప్పని సందర్భాలూ ఉన్నాయి. 108కు ఫోన్ చేయండి. చీము తీయడానికి హైదరాబాద్ దాకా పోతూ గంటలు పోగొట్టకండి, వరంగల్ ఎం.జి.ఎం. లాంటి పెద్దాస్పత్రి సర్జరీ విభాగానికి పోండి. రక్తనాళాల చికిత్సకైతే హైదరాబాద్ నిమ్స్‌లో వాస్క్యులర్ సర్జరీ విభాగం ఉంది. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాదికి 10 లక్షలకు పెంచారు. మీ బాపుకు రాసిన చికిత్స దాని కిందికి వస్తుందా అన్నది ఆస్పత్రిలో కూర్చునే ఆరోగ్యమిత్రను ముందే అడగండి.

అప్పటిదాకా నల్లబడ్డ వేలిని నానబెట్టొద్దు, గీకొద్దు. వేళ్ల మధ్య పొడి గాజ్ గుడ్డ (కట్టు కట్టే పల్చటి నూలు గుడ్డ) పెట్టండి, పైన వదులుగా చుట్టండి. క్రేప్ బ్యాండేజీ బిగించి చుడితే ఉన్న కాస్త రక్తమూ ఆగుతుంది. కాలి కింద దిండ్లు వేసి ఎత్తు పెట్టొద్దు. రాత్రంతా వేలాడేస్తే పాదం వాస్తుంది, వాపు వల్ల ప్రసరణ ఇంకా తగ్గుతుంది. దానికన్నా మంచం తలవైపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టండి, పాదాలు గుండె కన్నా కాస్త కిందికి ఉండి నొప్పి తగ్గుతుంది. మడమ పరుపుకు ఒత్తుకోకుండా చూడండి, అక్కడ కొత్త పుండు లేవడానికి ఒక్క రాత్రి చాలు. బీడీ ఈరోజే ఆపాలి. పొగ తాగుతూ చేయించుకున్న బెలూన్, బైపాస్ రెండూ త్వరగా మూసుకుపోతాయి.

ప్రశ్న: మా అమ్మ కాళ్లకు "నరాలు బ్లాకయినయి" అన్నరు. మెడికల్ షాపులో నరాల బలానికి గోలీలు ఇచ్చిన్రు. రెండు నెలలు వాడినం. పుండు అట్లనే ఉంది. గోలీ మార్చాలా?
(ఒక పాఠకురాలు, నర్సంపేట)

జవాబు: చిక్కంతా మాటలోనే ఉంది. మనం స్పర్శ తెలిపే నరాన్నీ నరమే అంటాం, రక్తం పారే నాళాన్నీ నరమే అంటాం. షాపులో ఇచ్చిన విటమిన్ గోలీలు మొదటిదానికి. మీ అమ్మకు మూసుకుపోయింది రెండోది. ఆ గోలీలతో దమని తెరుచుకోదు. "స్పర్శ నరమా, రక్తనాళమా?" అని డాక్టరును సూటిగా అడిగి రాయించుకోండి. షుగర్ కాలిలో తరచుగా రెండూ చెడిపోతాయి. స్పర్శ పోయిన కాలికి రక్తం తగ్గినా నొప్పి తెలియదు కాబట్టి, నొప్పి లేదని ధీమాగా ఉండటానికి లేదు. రెండు నెలలు మానని పుండుకు డాప్లర్ ఇప్పటికే ఆలస్యమైంది, ఈ వారంలోనే చేయించండి.

ప్రశ్న: నా కుడి కాలు బొటనవేలి కొస మీద పుండు ఆరు వారాలుగా మానడం లేదు. ఏబీఐ పరీక్షలో 1.42 వచ్చింది. 0.9 కన్నా ఎక్కువే కాబట్టి రక్తం మస్తుగా ఉందన్నారు. మరి పుండు ఎందుకు మానదు?
(ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: 1.42 మంచి అంకె అనుకోవద్దు. ఏబీఐ 1.3 దాటితే ఆ పరీక్షను నమ్మకూడదు. ఎక్కువ ఏండ్లు షుగర్ ఉన్నవాళ్ల దమని గోడల్లో సున్నం పేరుకొని గట్టి పైపులా మారుతుంది. బీపీ పట్టీ ఎంత బిగించినా అది నొక్కుకుపోదు, యంత్రం ఎక్కువ అంకె చూపిస్తుంది. లోపల రక్తం సన్నగా పారుతున్నా సరే.

వేళ్ల దమనుల్లో సున్నం పేరుకోవడం తక్కువ. అందుకే మీకు కావలసింది బొటనవేలికి చిన్న పట్టీ వేసి కొలిచే వేలి బీపీ. అది 30 లోపుంటే దారి తెరవకుండా పుండు మానే ఆశ తక్కువ, 60కి దగ్గరగా ఉంటే మానే అవకాశం బాగుంటుంది. ఆ సౌకర్యం లేనిచోట కలర్ డాప్లర్ రిపోర్టులో అలల తీరు చూడండి. "ట్రైఫేసిక్" అని ఉంటే ప్రసరణ బాగున్నట్టు. చీలమండ దగ్గర "మోనోఫేసిక్" అని ఉంటే, ఏబీఐ ఎంత వచ్చినా సరే, పైన ఎక్కడో అడ్డు ఉన్నట్టు. చాలామంది రిపోర్టు చివరి వాక్యం ఒక్కటే చదువుతారు. పట్టికలో యాంటీరియర్ టిబియల్, పోస్టీరియర్ టిబియల్ (మోకాలి కింది దమనుల పేర్లు) అన్న వరసలను డాక్టరుతో కలిసి చదవండి.

పుండు ఉన్న చోటు కూడా మాట్లాడుతుంది. స్పర్శ పోయిన పాదానికి పుండు అరికాలి కింద, బరువు పడే చోట, చుట్టూ ఆనె కట్టి లేస్తుంది. రక్తం తగ్గిన పాదానికి వేలి కొసన, పాదం అంచున, మడమన లేస్తుంది. మీది వేలి కొసన. ఎక్స్-రే కూడా తీయించండి. పుండులో సన్నని మొద్దు సలాక పెడితే గట్టిగా ఎముక తగులుతుందేమో డాక్టరు చూడాలి. ఎముకకు పట్టిన ఇన్ఫెక్షన్‌కు, ఆ ఎముక తీయకపోతే, ఆరు వారాల దాకా యాంటీబయాటిక్ కావాలి. ఏ పుండైనా సరైన చికిత్సతో నాలుగు వారాల్లో సగానికి తగ్గాలి. తగ్గకపోతే ఏదో ఒకటి చూడకుండా వదిలేశారని అర్థం.

ప్రశ్న: అమ్మకు 60 ఏండ్లు, క్రియాటినిన్ 2.1. కాలికి సీటీ యాంజియో చేస్తే కిడ్నీలు పోతాయని భయపెడుతున్నారు. చేయించాలా వద్దా?
(ఒక పాఠకురాలు, హన్మకొండ)

జవాబు: క్రియాటినిన్ 2.1 అంటే కిడ్నీలు ఇప్పటికే బలహీనంగా ఉన్నట్టు. భయానికి ఆధారం ఉంది, కాని దాన్ని చూసి కాలును వదిలేయనవసరం లేదు. రంగు మందు అవసరం లేని కలర్ డాప్లర్‌తో మొదలుపెట్టాలి. దాంతో అడ్డు ఎక్కడుందో చాలావరకు తెలుస్తుంది. చికిత్స చేయడం ఖాయమైతే, విడిగా సీటీ యాంజియో చేసి మళ్లీ బెలూన్ రోజున మందు ఎక్కించే బదులు, ఒకేసారి యాంజియోగ్రామ్, బెలూన్ రెండూ తక్కువ మందుతో చేయగలరా అని అడగండి. మోకాలి కింద సున్నం ఎక్కువ ఉన్న సన్నని దమనులు సీటీలో ఎలాగూ స్పష్టంగా కనబడవు. కొన్ని కేంద్రాల్లో రంగు మందును తగ్గించడానికి కార్బన్ డయాక్సైడ్ వాడతారు.

ముందు రోజు నుంచి సెలైన్ ఎంత ఎక్కించాలో కిడ్నీ డాక్టరు చెప్పాలి, గుండె బలహీనంగా ఉంటే ఎక్కువ ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఈ వయసులో క్రియాటినిన్ 2.1 ఉన్నవాళ్లకు మెట్‌ఫార్మిన్ అనే షుగర్ గోలీ సాధారణంగా పనికిరాదు. ఇంకా వాడుతుంటే డాక్టరుకు చెప్పి ఇప్పుడే మార్పించుకోండి. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి గోలీలు పూర్తిగా మానాలి, నిజానికి రంగు మందు కన్నా షాపులో కొన్న నొప్పి గోలీలే ఎక్కువ కిడ్నీలను దెబ్బతీస్తున్నాయని మా అభిప్రాయం. బెలూన్ అయిన రెండు మూడు రోజులకు క్రియాటినిన్ మళ్లీ చూడాలి.

ప్రశ్న: రెండు నెలల కింద కాలికి బెలూన్ వేశారు. పుండు ముప్పాతిక మానింది. గోలీలు ఆపొచ్చా? మళ్లీ మూసుకుపోతుందా? డ్యూటీకి బూట్లు వేసుకోవాలి. నడక వ్యాయామం చేయొచ్చా?
(సింగరేణి కార్మికుడు, గోదావరిఖని)

జవాబు: గోలీలు ఆపొద్దు. రక్తం గడ్డకట్టకుండా సాధారణంగా 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ లేదా క్లోపిడోగ్రెల్, బెలూన్ తర్వాత కొన్నాళ్లు రెండూ రాస్తారు. ఒకటి జీవితాంతం ఉంటుంది. దాంతో పాటు కొలెస్ట్రాల్ ఎంత ఉన్నా సరే అటోర్వాస్టాటిన్ 40 లేదా 80 మిల్లీగ్రాములు. పన్ను పీకించుకోవాలన్నా మీ అంతట మీరు ఆపకుండా రాసిన డాక్టరునే అడగండి.

మళ్లీ మూసుకుపోవడం నిజమే, మోకాలి కింద సన్నని దమనుల్లో ఏడాదిలోపు చాలామందికి ఇరుకవుతాయి. అయినా బెలూన్ వృథా పోదు. పుండు మానేదాకా రక్తం పారితే చాలు, మానిన తోలును నిలబెట్టుకోవడానికి తక్కువ రక్తం సరిపోతుంది. కాబట్టి ఈ రెండు మూడు నెలలు మీకు చాలా విలువైనవి, పుండు పూర్తిగా మూసుకునేదాకా దాని మీద బరువు పెట్టకండి. మానుతున్న పుండు ఆగిపోతే, అంచులు పాలిపోతే, రాత్రి నొప్పి తిరిగొస్తే ఆ వారంలోనే డాప్లర్ చేయించాలి. మళ్లీ బెలూన్ వేయవచ్చు.

గనిలో వేసుకునే గట్టి ముక్కు బూటు పుండు మానేదాకా వద్దు, కూర్చుని చేసే పని ఇమ్మని మెడికల్ సర్టిఫికెట్ పెట్టండి. రక్తం తగ్గిన కాలికి పుండు తెచ్చేది ఎక్కువగా ఇరుకు చెప్పే. పుండు మానాక ఎంసీఆర్ అనే మెత్తటి రబ్బరు అడుగుతో, వెనుక పట్టీ ఉన్న చెప్పులు కుట్టించుకోండి. బొటనవేలి దగ్గర గుండీ ఉండేవి వద్దు. సాయంత్రం పూట, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు కొలత ఇవ్వండి. పొడవాటి వేలికి ముందు బొటనవేలి వెడల్పులో సగమైనా ఖాళీ ఉండాలి. మొదటి రోజు ఒక గంటే వేసుకొని, విప్పాక ఎర్రటి మచ్చలున్నాయేమో చూడాలి. ఇరవై నిమిషాలైనా ఎరుపు పోకపోతే ఆ చెప్పు మీకు సరిపోలేదు.

నడక వ్యాయామం గురించి కూడా అడిగారు. అది పుండు లేని కాలికి. పిక్క నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, తగ్గాక మళ్లీ నడవడం, అలా రోజుకు 30 నుంచి 45 నిమిషాలు, వారంలో కనీసం మూడు రోజులు, మూడు నెలలు చేస్తే నడవగలిగే దూరం పెరుగుతుంది. మీకు పుండు మూసుకున్నాకే.

ప్రశ్న: బీడీలు చుట్టుకుంటూ రోజంతా కాళ్లు ముడుచుకొని కూర్చుంటా. కాళ్లు చల్లగా, మొద్దుబారి ఉంటయి. వేడినీళ్లల్లో ఉప్పేసి పెట్టుకోవచ్చా? అరికాలి ఆనెను బ్లేడుతో చెక్కితే మంచిదేనా?
(ఒక పాఠకురాలు, కోరుట్ల)

జవాబు: రెండూ వద్దమ్మా. మొద్దుబారిన కాలికి నీళ్ల వేడి తెలియదు, పొక్కులు లేస్తాయి. రక్తం తగ్గిన కాలికి ఆ పొక్కే నల్లబడే పుండవుతుంది. చలికాలం నెగడు దగ్గర కాళ్లు చాపడం, వేడి ఇటుక పెట్టడం కూడా అంతే ప్రమాదం. చల్లగా ఉంటే వదులైన నూలు సాక్సులు తొడగండి, సాగే పట్టీ పిక్క మీద గీత పడేంత బిగువుగా ఉండకూడదు. ఆనెను బ్లేడుతో చెక్కొద్దు, ఆనె పట్టీలు అంటించొద్దు, వాటిలోని ఆమ్లం మంచి తోలునూ తినేస్తుంది. డాక్టరు దగ్గరే తీయించుకోండి.

అరగంటకోసారి లేచి పది అడుగులు వేయండి. కాళ్లు వాస్తుంటే మెట్టెలు తీసి పెట్టండి. బిగుసుకున్న మెట్టె కింద వేలు నల్లబడేదాకా చాలామంది చూసుకోరు. మొద్దుబారిన పాదాలతో నేల మీద పడుకోవద్దు, రాత్రి ఎలుక కొరికినా తెలియదు.

ప్రశ్న: పోయిన ఏడాది నాకు వేలు తీసిన్రు, ఇప్పుడు మానింది. మేడారం జాతరకు చెప్పుల్లేకుండా నడిచి వస్తానని మొక్కుకున్న. పోవచ్చా?
(ఒక పాఠకుడు, ములుగు)

జవాబు: జాతరకు పోండి, చెప్పుల్లేకుండా నడవడం మాత్రం వద్దు. వేలు పోయిన పాదంలో బరువు పక్క వేళ్ల మీదికి మారుతుంది, అక్కడే మళ్లీ పుండు లేస్తుంది. గద్దెల దాకా చెప్పులు వేసుకొని, అక్కడ విడవాల్సి వస్తే మందపాటి నూలు సాక్సులతో వెళ్లండి. జంపన్నవాగులో స్నానం చేస్తే ఇసుకలో గాజు పెంకులు, ముళ్లు గుచ్చుకోకుండా పాతవైనా చెప్పులు కాళ్లకే ఉండాలి. బయటికి రాగానే వేళ్ల మధ్య తడి తుడిచి సాక్సులు మార్చుకోండి. సంచిలో రెండు జతల సాక్సులు, గాజ్ గుడ్డ, అయోడిన్ మందు, షుగర్ పడిపోతే తినడానికి గ్లూకోజ్ ఉంచుకోండి. రాత్రి పడుకునే ముందు ఫోన్ లైటు వేసి అరికాలు ఇంకొకరితో చూపించుకోండి. ఎర్రటి మచ్చ గాని పొక్కు గాని కనిపిస్తే, తెల్లారి నడక ఆపి బస్సెక్కండి. జాతర నాటికి పాదం మీద చిన్న పుండు ఉన్నా మీరు ఇంటి దగ్గరే ఉండి, ఎత్తు బంగారాన్ని ఇంట్లో వాళ్లతో పంపండి.